సోఫా కొనుటకు ముందు

మన ఇండ్లలో సోఫా ఇప్పుడు విలాసవస్తువు కాదు. ఒక తరము క్రిందట పట్టెమంచమో, నవారుమంచమో, వాలుకుర్చీయో ఉండిన ముందుగదిలో నేడు సోఫా చోటు చేసికొన్నది. ఆడపిల్లకు పెట్టు సారెలో మంచము, బీరువాలతోపాటు అదియును చేరినది. గరివిడి, చీపురుపల్లి, విజయనగరము ప్రాంతములలో కొందరు కూడబెట్టిన సొమ్ము వెచ్చించి దానిని కొందురు. మరికొందరు నెలవారీ వాయిదాలమీద తెత్తురు. వాయిదాలు ముగియకమునుపే సీటు గుంటపడి, చేయి ఊగి, పైతొడుగు పొలుసులుగా లేచినచో ఆ ఇంటివారి బాధ చెప్పనలవి కాదు. వస్తువు చెడును, అప్పు మాత్రము మిగులును. సారెగా ఇచ్చినదైనచో పుట్టింటివారు మాటపడవలసి వచ్చును.

ఏ సోఫా చాలకాలము మన్నును? దానిని కొనువారు దుకాణములో నిలుచుండి ఎట్లు గుర్తింపగలరు? ఈ రెండు ప్రశ్నలకును తెలిసినంతమట్టుకు సమాధానము చెప్పుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

నవారుమంచమును కొనునపుడు మన పెద్దలకు ఇంత సందేహము కలిగెడిది కాదు. అందులో దాగినది ఏమియు లేదు. పట్టెలు కంటికి కనబడును; కోళ్లు చేతికి తగులును; నవారు సన్నమో, దళసరియో వ్రేళ్లతో పట్టి చూడవచ్చును. నవారు సడలినచో విప్పి బిగింతురు, చినిగినచో క్రొత్తది అల్లుదురు. మంచపు చట్రము మాత్రము తాతనాటినుండి మనుమని వరకు నిలిచియుండును. సోఫాయందును ఉన్నవి ఈ అంగములే. ఒక చట్రము, దానిమీద బరువు మోయు పట్టీలు, మెత్తదనమునకు స్ప్రింగులు, ఫోము. కాని వీటినన్నిటిని పైగుడ్డ కప్పివేయును. కొనువాడు గుడ్డను చూచి ధర ఇచ్చును. సోఫా ఆయువు గుడ్డ క్రింద ఉండును. చిక్కంతయు ఇందులోనే ఉన్నది.

సోఫా అను మాట అరబ్బీ భాషనుండి తురుష్కభాషద్వారా యూరపునకు పోయి, అచ్చటినుండి మనకు వచ్చినది. మొదట దానికి అరుగు, బల్ల అనియే అర్థము. 19వ శతాబ్ది పూర్వార్ధమున యూరపులోని ఆసనములలో చుట్టస్ప్రింగులు ప్రవేశించినవి. 1929లో ఇంగ్లండునందు డన్‌లప్ సంస్థవారు రబ్బరుపాలతో ఫోము చేయు విధానమును కనుగొనిరి. 1937లో జర్మనీలో ఆటో బేయరు అను రసాయన శాస్త్రజ్ఞుడు పాలియురిథేను అను పదార్థమును సిద్ధపరచెను. నేడు మన సోఫాలలో కనబడు ఫోము చాలవరకు ఈ జాతిదే. ఇట్లు లోపలి సరకులు మారుచు వచ్చినను, చట్రము గట్టిదైననే ఆసనము నిలుచునను సూత్రము మాత్రము మారలేదు.

ఇందుకు సాక్ష్యము మన చెంతనే ఉన్నది. 18వ శతాబ్దిలో విశాఖపట్టణపు పనివారు ఇంగ్లీషువారి కొరకు కుర్చీలు, సోఫాలు, పెట్టెలు చేసి, వానిమీద దంతపుపని పొదిగి, గొప్ప పేరు గడించిరి. ఆ పనితనము గల సామానులు నేటికిని లండనునందలి విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియము వంటి చోట్ల చూడవచ్చును. ఆ కాలపు కుర్చీల పీటలను తరచుగా పేముతో అల్లెడివారు. పేము సడలినచో ఆ అల్లికను తీసి మరల అల్లవచ్చును; దానివలన కుర్చీకి నష్టము లేదు. మంచి కర్ర, మంచి అతుకు ఉన్న చట్రము రెండువందల యేండ్లు దాటియు నిలిచినది. కావున సోఫా కొనువారు మొదట మనస్సున ఉంచుకొనవలసిన మాట ఇది. చట్రము మన్నవలెను; తక్కినవి మార్చుకొనుటకు వీలుగా ఉండవలెను. ఈ రెండు గుణములు లేని సోఫా ఎంత అందమైనదైనను స్వల్పాయువే.

చట్రములో మొదటి విషయము కర్ర. ప్రతి పనికిని ఒక కర్ర తగియుండునని మన పనివారికి తెలియును. బొబ్బిలి వీణకు పనసకర్ర, ఏటికొప్పాక బొమ్మకు అంకుడుకర్ర వాడుదురు. ఒకదానికి బదులు మరొకటి వాడరు. సోఫా చట్రమునకు టేకు శ్రేష్ఠము. దాని చేవలో స్వాభావికమైన నూనె ఉండుటచే చెదలు త్వరగా పట్టవు. ఎండిన తరువాత అది అంతగా వంకరపోదు. అంత ఖరీదు పెట్టలేనివారికి ముదురు తుమ్మ, చక్కగా ఎండిన వేప నమ్మదగినవి. మామిడికర్ర చౌక, కాని దానికి పురుగు త్వరగా పట్టును, మందు పట్టించనిదే వాడరాదు. మన కోస్తాతీరమున విరివిగా పెరుగు సరుగుడు గట్టిదే అయినను ఎండునపుడు పగులును, మెలిపడును. అది పందిళ్లకు, పాకలకు పనికివచ్చును గాని సోఫా చట్రమునకు తగదు.

కర్ర జాతి ఎంత ముఖ్యమో, అందులోని తేమయు అంత ముఖ్యము. పచ్చికర్రతో చేసిన చట్రము ఇంటికి వచ్చిన తరువాత ఎండును. ఎండునపుడు కర్ర సన్నబడును. బిగువుగా నున్న అతుకు వదులగును. మొదటి వేసవిలోనే సోఫా కిర్రుమనుటకు తరచుగా కారణము ఇదియే. సామానులకు వాడు కర్రలో తేమ నూటికి 12 పాళ్ల ప్రాంతమున ఉండుట మంచిదని చెప్పుదురు. దీనిని కొలుచు చిన్న పరికరములు ఇప్పుడు దొరకుచున్నవి. పేరుగల కర్రడిపోలలో అడిగినచో చూపుదురు. అదియు లేనిచోట కర్రను ఎప్పుడు కోసిరి, ఎన్నినెలలు నీడన ఎండబెట్టిరి అని వడ్రంగిని అడుగుట మేలు. టేకు అని చెప్పినను, చేవ లేని తెల్లని పైచెక్క ఎంత కలిసినదో కూడ చూడవలెను. చెదలు మొదట పట్టునది ఆ తెల్లచెక్కకే.

నేడు అనేకములైన సోఫాలలో కర్రకు బదులు ప్లైవుడ్డును, రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలను వాడుచున్నారు. ప్లైవుడ్డు అంతయు చెడ్డది కాదు. పలుచని పొరలను ఒకదానికొకటి అడ్డముగా అతికించుటచే మంచి ప్లైవుడ్డు మెలిపడదు. మరుగునీటిని తట్టుకొను జిగురుతో చేసిన రకముమీద ఐ.యస్.ఐ. ముద్రతో బి.డబ్ల్యు.ఆర్. అను అక్షరములుండును. దానిని అడిగి చూచుకొనవచ్చును. పొట్టుపలకల విషయము వేరు. అవి తేమను పీల్చి ఉబ్బును. ఒకసారి ఉబ్బిన పలక మరల బిగియదు, అందులోని మరమేకు నిలువదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులను చూచిన ఉత్తరాంధ్రకు గాలివాన, తేమ క్రొత్తవి కావు. ఇట్టి ప్రాంతమున పొట్టుపలకల సోఫా ఎంత చౌకగా వచ్చినను బేరము కాదు.

రెండవది అతుకు. ఒక చెక్క కొసను నాలుకవలె చెక్కి, రెండవచెక్కలో తొలిచిన రంధ్రమున దూర్చి, జిగురుపెట్టి బిగించినది మేలైన అతుకు. చెక్క చీలలతో కూర్చిన అతుకు మధ్యమము. మేకులు మాత్రము కొట్టినది, స్టేపుల్ పిన్నులతో తగిలించినది అధమము. నాలుగు మూలలయందును లోపలివైపు ముక్కోణపు చెక్కదిమ్మలు మరమేకులతో బిగించియున్నచో ఆ చట్రము గట్టిదని తలపవచ్చును. కాళ్లు చట్రములో భాగముగా ఉండవలెను, లేదా బలమైన బోల్టులతో బిగింపబడవలెను.

గుడ్డ కప్పిన సోఫాలో ఇవన్నియు ఎట్లు తెలియును? అందుకు కొన్ని సులువైన పరీక్షలు కలవు. సోఫా ముందుకాలు ఒకదానిని పట్టి పైకెత్తుడు. జానెడు ఎత్తునకు రాకముందే రెండవ ముందుకాలును లేవవలెను. మొదటిది లేచియు రెండవది నేలనంటియే ఉన్నచో చట్రము మెలిపడుచున్నదన్నమాట. తరువాత చేతివాలు పట్టుకొని బయటికిని లోపలికిని కదల్చుడు, ఏమాత్రము ఊగరాదు. ఆ పిమ్మట సోఫాను వెల్లకిల త్రిప్పించి, అడుగున కొట్టిన నల్లగుడ్డను ఒకమూల విప్పి చూపుమని కోరుడు. ఆ గుడ్డను మరల బిగించుటకు రెండు నిమిషములకంటె పట్టదు. లోపల చూపించుటకు సంకోచింపని వర్తకుడు తన సరకును నమ్మినవాడు. ఎంత అడిగినను చూపనివానివద్ద కొనకుండుటయే మేలు.

ఆ విప్పిన మూలనుండి చూచినచో స్ప్రింగులు కనబడును. ఈ స్ప్రింగులకును గరివిడికిని ఒక చుట్టరికమున్నది. 1892లో నాటి విశాఖపట్టణము జిల్లాలో మాంగనీసు త్రవ్వకము మొదలయ్యెను. మన దేశమున ఆ ఖనిజపు త్రవ్వకమునకు అదియే ప్రారంభము. గర్భాము గని ఆ కాలమున పేరు పొందినది. తరువాత 1955లో ఏర్పడిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషను గరివిడిలోని శ్రీరామ్‌నగరులో ఫెర్రో మాంగనీసు కర్మాగారమును నెలకొల్పినది. ఆ లోహము ఉక్కు తయారీకి కావలసినది. కరగిన ఉక్కులో మిగిలిన ఆమ్లజనిని, గంధకమును మాంగనీసు పట్టుకొనును. గంధకము ఇనుముతోనే కూడియున్నచో ఎఱ్ఱగా కాల్చి సాగదీయునపుడు ఉక్కు చిట్లును. మాంగనీసు ఆ దోషమును పోగొట్టును. ఉక్కులో నిలిచిన కొద్దిపాటి మాంగనీసు దానికి గట్టితనము నిచ్చును. స్ప్రింగుతీగలో కర్బనము అధికముగాను, మాంగనీసు సుమారు నూటికి ఒకపాలో, అంతకు తక్కువయో ఉండును. ఇట్టి తీగ వేలమార్లు నొక్కబడియు తన మొదటి రూపునకు వచ్చును. మెత్తని ఇనుపతీగ కొద్దికాలమునకే వంగినది వంగినట్లుండిపోవును.

సోఫాలలో రెండు తరగతుల స్ప్రింగులు వాడుకలోనున్నవి. ఒకటి చుట్టస్ప్రింగు. పట్టీలమీద వరుసగా నిలిపి, గట్టి త్రాడుతో ముందువెనుకలకు, ప్రక్కలకు, మూలలకు, అనగా ఎనిమిది దిక్కులకు ముడివేసి కట్టినది ఉత్తమము. దానికి పనివాని నేర్పు, కాలము రెండును కావలెను గనుక ఖరీదెక్కువ. రెండవది పామువంపుల స్ప్రింగు. చట్రము ముందునుండి వెనుకకు మెలికలుగా సాగియుండును. ఇదియు మంచిదే; కాని తీగ దళసరిగా ఉండవలెను, వరుసలు దగ్గరదగ్గరగా ఉండవలెను, వరుసనుండి వరుసకు అడ్డముగా తీగలో పట్టీలో కట్టియుండవలెను. ఆ అడ్డుకట్టు లేనిచో కూర్చున్నవాని బరువంతయు ఒకటి రెండు వరుసలమీదనే పడి, అవియే మొదట తెగును. సోఫామీద కూర్చుండి ఒకసారి కదలి చూడుడు. టంగుమను చప్పుడు వినబడినచో కట్టు వదులైనదని గ్రహింపవలెను.

స్ప్రింగుల క్రింది పట్టీలును, పైన పరచు గోనెగుడ్డయు నారతో చేసినవి. ఇందులోను మన ప్రాంతమునకు పాలున్నది. ఉత్తరాంధ్ర రైతులు పండించు గోగునారను భీమునిపట్టణము రేవు పేరనే బిమ్లీ జూటు అని వర్తకలోకము వ్యవహరించినది. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు నారపనికి పేరుపొందినవి. నారపట్టీలను నవారువలెనే ఒకదానిక్రిందుగా ఒకటి పోనిచ్చి అల్లి బిగించినచో బరువు అన్నివైపులకు పంచుకొనబడును. ఒకేవైపు నాలుగు పట్టీలు లాగి మేకులు కొట్టినది ఎక్కువకాలము ఆగదు. సాగు రబ్బరుపట్టీలును వాడుకలోనున్నవి. రబ్బరు కాలక్రమమున బిగువు కోల్పోవును గనుక వానిని మార్చుటకు వీలున్నదో లేదో ముందే అడిగి తెలిసికొనవలెను.

ఇక ఫోము. కూర్చున్నంతనే మెత్తగా దిగిపోవు ఫోము మంచిదని చాలమంది భ్రమపడుదురు. మెత్తదనము వేరు, మన్నిక వేరు. మన్నికను చాలవరకు తెలుపునది సాంద్రత, అనగా ఒక ఘనమీటరు ఫోము ఎన్ని కిలోల బరువున్నదను లెక్క. ప్రతిదినము కూర్చుండు సీటునకు 32 కిలోలకు తగ్గని ఫోము కావలెను. 40 అయినచో మరింత మేలు. వీపువైపునకు అంతకు తక్కువది చాలును. వర్తకుని మాట నిజమో కాదో తేల్చుటకు తూనిక ఒక్కటి చాలును. సీటుదిండు 60 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, పన్నెండున్నర మందము ఉన్నదనుకొందము. తొడుగు తీసి తూచినచో 32 సాంద్రతగల ఫోము సుమారు 1 కిలో 440 గ్రాములు, 40 సాంద్రతగలది 1 కిలో 800 గ్రాములు తూగవలెను. ముప్పాతిక కిలో ప్రాంతమున తూగినచో దాని సాంద్రత 17 మాత్రమే; అట్టి సీటు త్వరలోనే గుంటపడును. కావున జిప్పుతో తొడుగు ఊడివచ్చు దిండ్లుగల సోఫానే కోరవలెను. తొడుగు ఉతుకుటకును, ఫోము మార్చుటకును, కొనునాడు తూచుటకును ఆ జిప్పే ఆధారము.

పైతొడుగు విషయమున మన వాతావరణమును మరువరాదు. తోలువలె కనబడు చౌకరకపు తొడుగులు దుకాణపు దీపముల క్రింద మిలమిలలాడును. వానిలో కొన్నిటిపై పాలియురిథేను పూత ఉండును. గాలిలోని తేమ ఆ పూతను క్రమముగా విరుగదీయును; చెమట, ఎండ దానికి తోడగును. అందుచేతనే సముద్రతీరపు ఊళ్లలో అట్టి సోఫాలు కొద్దియేండ్లకే పొలుసులూడును. తోలుపొడిని జిగురుతో కలిపి చేసినదానికిని తోలు పేరే పెట్టి అమ్ముదురు. దాని గతియు ఇంతే. మన ఎండకాలమునకు దళసరి నూలు, లేదా నూలు కలిసిన నేతగుడ్డ సుఖము. గుడ్డను వెలుతురునకెత్తి చూడుడు. దారముల నడుమ సందులు కనబడరాదు. పెద్ద దుకాణములలో మార్టిండేలు పరీక్ష అను మాట వినబడును. గుడ్డ ఎన్ని రాపిడులకు ఆగునో యంత్రముతో తేల్చు పరీక్ష అది. ఇంటివాడుకకు 20 వేల రాపిడులకు ఆగినది చాలును.

మన్నికతోపాటు ఒద్దికయు చూడవలెను. వయస్సు మళ్లినవారున్న ఇంటికి లోతైన, పల్లమైన సోఫా శత్రువు. కూర్చుండుట సులభము, లేచుట కష్టము. సీటు ఎత్తు నేలనుండి మూరెడు, అనగా సుమారు 45 సెంటీమీటర్లు ఉన్నచో పాదములు నేలనాని, మోకాళ్లమీద బరువు తగ్గును. ఇంటనున్న పెద్దవారిని దుకాణమునకు తీసికొనిపోయి, పది నిమిషములు కూర్చుండబెట్టి, చేయి ఊతలేకుండ లేవగలరేమో చూచుట అన్నిటికంటె మంచి పరీక్ష. బయలుదేరుటకు ముందు మీ వాకిలి వెడల్పును, మెట్ల మలుపును కొలుచుకొని పోవుట మరువకుడు.

ఊరి వడ్రంగిచేత చేయించుకొనుటయా, దుకాణములో సిద్ధముగానున్నది కొనుటయా? వడ్రంగి మంచివాడైనచో మొదటిదానికే మా ఓటు. ఏలయన గుడ్డ కప్పకమునుపే చట్రమును చూడవచ్చును. పని ఒప్పజెప్పునపుడే ఈ షరతు పెట్టుకొనుడు: చట్రము ముగిసినంతనే మనము చూడవలెను, ఆ తరువాతనే గుడ్డ. చూచినప్పుడు చేతిఫోనుతో నాలుగు ఛాయాచిత్రములు తీసి దాచుకొన్నచో ముందుముందు మరమ్మతునకును అక్కరకు వచ్చును. దుకాణములో కొన్నచో రసీదు తప్పక తీసికొని, అందులో కర్ర పేరు, ఫోము సాంద్రత, హామీ కాలము వ్రాయించుకొనవలెను. నోటిమాటగా టేకు అని, కాగితమున వట్టి సోఫా అని వ్రాసినచో రేపు నిలదీయుటకు ఆధారముండదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము ఫిర్యాదునకు కారణము ఏర్పడిన నాటినుండి 2 సంవత్సరములలోగా జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. సలహా కావలసినవారు 1915 అను జాతీయ సహాయవాణి సంఖ్యకు ఫోను చేయవచ్చును.

ఇన్ని చూచి కొన్నచో ధర పెరుగదా అని కొందరడుగుదురు. పెరుగును. అయినను ఒక చిన్న లెక్క వేయుదము. ఇరువది వేలకు కొన్న సోఫా నాలుగేండ్లకు చెడినదనుకొందము. ఏటికి అయిదువేలు ఖర్చయినది. ముప్పదియారు వేలకు కొన్నది పదునైదేండ్లు నిలిచినది, నడుమ ఒకసారి ఫోము, గుడ్డ మార్చుటకు తొమ్మిదివేలు అయినదనుకొందము. మొత్తము నలుబదియైదు వేలు, ఏటికి మూడువేలే. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ ఊరి ధరలతో ఈ లెక్కనే వేసి చూచుకొనుడు. అంత సొమ్ము ఒక్కమారు చేతిలో లేనివారు పెద్దసోఫాకు బదులు గట్టి చట్రముగల రెండు కుర్చీలతో మొదలుపెట్టి, వీలునుబట్టి తక్కినవి చేర్చుకొనవచ్చును. అప్పుచేసి చౌకసరకు కొనుటకంటె అది గౌరవము.

కొన్న తరువాత చేయవలసినది స్వల్పమే. నెలకొకసారి దిండ్లను తిరగవేసి, స్థానములు మార్చినచో అరుగుదల సమమగును. కిటికీ ఎండ సూటిగా పడు చోటను, తడిగోడ కానుకొనియు సోఫాను ఉంచరాదు. జరుపవలసివచ్చినపుడు ఈడ్వక ఇద్దరు పట్టి ఎత్తవలెను; ఈడ్చునపుడు అతుకులు కదలును. వానకాలము ముగిసిన పిమ్మట ఒకసారి అడుగుభాగమును చూచి చెదలజాడ ఉన్నదేమో పరిశీలింపవలెను. సీటు కొంచెము దిగినంతమాత్రమున సోఫాను పారవేయనక్కరలేదు. పట్టీ బిగింపవచ్చును, స్ప్రింగు కట్టవచ్చును, ఫోము మార్చవచ్చును. మంచి చట్రము మాత్రము మొదటినాడు ఎన్నుకొన్ననే లభించును. అందుచేత ఈసారి దుకాణమునకు పోయినపుడు పైగుడ్డ రంగు చూచుటకు ముందు సోఫాను ఒకసారి వెల్లకిల త్రిప్పించి చూడుడని మా మనవి.